మూడు ఎడమ చేతులు, ఒక భద్రాచలం మణికట్టు

సారపాకలో గొంగడి త్రిష పేరెత్తితే మొదట వచ్చే మాట సెంచరీ. 2025 జనవరిలో, మలేసియాలో జరిగిన అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో, స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్. ఆ టోర్నీ చరిత్రలో అదే తొలి సెంచరీ. ఆమె పుట్టిన భద్రాచలం గోదావరి వంతెనకు అవతలి ఒడ్డే. తండ్రి ఇక్కడి ఐటీసీలో ఫిట్‌నెస్ కోచ్‌గా పనిచేశారు. అందుకని ఈ ఒడ్డున కూడా ఆమెను మన పిల్ల అనుకోవడంలో వింతేమీ లేదు.

కాకపోతే ఒక లెక్క చూడండి. ఆ రోజు భారత్ చేసింది 208. అందులోంచి త్రిష పరుగులన్నీ తీసేసినా ఇంకా 98 మిగులుతాయి. స్కాట్లాండ్ చేసింది 58. అంటే ఆ సెంచరీ లేకపోయినా మ్యాచ్ మనదే. ఈ మాట ఆమెను తక్కువ చేయడానికి కాదు. అదే అమ్మాయి అదే టోర్నీలో చేసిన ఇంకో పని అంతకన్నా విలువైనదని నా అభిప్రాయం. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అది అర్థం కావాలంటే ముందు ఆ జట్టు ఏ ఎత్తుగడతో కప్పు కొట్టిందో తెలియాలి.

బ్యాటింగ్ సంగతి కాసేపు పక్కన పెట్టి, అవతలి జట్ల స్కోర్లు వరసగా చదవండి. వెస్టిండీస్ 44. మలేసియా 31. శ్రీలంక 58. బంగ్లాదేశ్ 64. స్కాట్లాండ్ 58. సెమీఫైనల్లో ఇంగ్లండ్ 113. ఫైనల్లో దక్షిణాఫ్రికా 82. ఏడు మ్యాచ్‌లూ కలిపితే 450. 2024 ఐపీఎల్‌లో ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్, ముంబయి కలిసి ఒక్క రాత్రిలో 523 కొట్టాయి.

ఆ ఏడు మ్యాచ్‌ల్లో అవతలివాళ్లవి మొత్తం 65 వికెట్లు పడ్డాయి. వాటిలో 41 ముగ్గురమ్మాయిలవే: వైష్ణవి శర్మ 17, ఆయుషి శుక్లా 14, పరుణిక సిసోడియా 10. ముగ్గురూ ఎడమచేతి స్పిన్నర్లు. బెంచీ మీద కూర్చున్న సోనమ్ యాదవ్ కూడా ఎడమచేతి స్పిన్నరే. కాకతాళీయంగా జరిగే పని కాదిది.

మామూలుగా స్పిన్నర్లను ఎంచుకునేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో రకం ఉండాలంటారు. ఒక ఆఫ్‌స్పిన్నర్, ఒక లెగ్‌స్పిన్నర్, ఒక ఎడమచేతివాటం. ఒకరి బంతి లోపలికి వస్తే ఇంకొకరిది బయటికి పోవాలి, బ్యాటర్ ఎవరికీ అలవాటు పడకూడదు. 2023లో ఇదే టోర్నీ మొదటిసారి దక్షిణాఫ్రికాలో జరిగినప్పుడు భారత్ అలాగే ఆడింది. పోచెఫ్‌స్ట్రూమ్ ఫైనల్లో ఇంగ్లండ్‌ను 68కి కూల్చిన రోజు కొత్త బంతితో పేసర్ టిటాస్ సాధు, ఆఫ్‌స్పిన్నర్ అర్చనా దేవి, తర్వాత లెగ్‌స్పిన్నర్ పర్శవి చోప్రా తలా రెండు వికెట్లు పంచుకున్నారు. రెండేళ్లకు మలేసియా వెళ్లేసరికి మాత్రం ఒకే రకం ముగ్గుర్ని దింపారు. కోచ్ మారలేదు, రెండుసార్లూ నూషిన్ అల్ ఖదీరే. మారింది పిచ్.

మలేసియా పిచ్ మెల్లగా ఉంటుంది. బంతి నేల తాకాక వేగం పోగొట్టుకుని, కాస్త ఆగి వస్తుంది. అలాంటి చోట బౌలర్ వేగాన్ని వాడుకుని బంతిని బౌండరీకి పంపడం కుదరదు, బలమంతా బ్యాటర్ తన భుజాల్లోంచే తీయాలి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల అమ్మాయిల్లో అంత బలం అందరికీ ఇంకా వచ్చి ఉండదు. కాబట్టి బంతిని ఎంత నెమ్మదిగా వేస్తే అంత మేలు.

ఇప్పుడు ఎడమచేతి స్పిన్ సంగతి. కుడిచేతివాటం బ్యాటర్ క్రీజులో ఉంది. బంతి వికెట్ల వరసలో పడి, ఆమెకు దూరంగా, ఆఫ్ వైపు తిరుగుతూ పోతుంది. వెనక్కి జరిగి ఆడితే అంచు తగులుతుంది. ముందుకు దూకితే, బంతి అనుకున్నదానికన్నా ఒక జానెడు ముందే పడి, బ్యాటు పక్కనుంచి కీపర్ చేతుల్లోకి పోతుంది. ఆమె వెనక్కి తిరిగి చూసేలోపే స్టంపౌట్. సరే, తిరుగుతుందని ముందే ఊహించి బయటి వైపు ఆడబోతే, ఆ ఒక్క బంతి తిరగకుండా నేరుగా వచ్చి ప్యాడ్‌కో వికెట్‌కో తగులుతుంది. లెగ్ వైపు లాగి కొడదామంటే తిరిగే దిశకు ఎదురు కొట్టాలి. అలా కొడితే బంతి గాల్లోకి లేస్తుంది తప్ప దూరం పోదు. మిగిలింది ఆఫ్ వైపే. ఫీల్డర్లందరూ అక్కడే కాచుకుని ఉంటారు.

ముగ్గురూ ఒకే రకమైతే బ్యాటర్ అలవాటు పడదా అని మీరు అడగవచ్చు. అలవాటు పడాలంటే టైమ్ ఉండాలి కదా. టీ20లో ఒక జట్టు ఆడేది 120 బంతులు. ఒక్కో బౌలర్ నాలుగు ఓవర్లే వేయాలి కాబట్టి, ఈ ముగ్గురే 12 ఓవర్లు వేస్తారు. రెండు, మూడు ఓవర్లు పరుగు లేకుండా గడిస్తే బ్యాటర్‌కు ఓపిక పోతుంది. పెద్ద షాట్‌కు పోతుంది, అవుటవుతుంది. ఆ తర్వాత వచ్చే అమ్మాయి మళ్లీ సున్నా నుంచి మొదలు. పైగా ఫీల్డింగ్ మార్చే పనే ఉండదు. కెప్టెన్ నికీ ప్రసాద్ ఆఫ్ వైపు పేర్చిన వల, ఏ చివరి నుంచి ఎవరు వేసినా అలాగే పనికొస్తుంది. ఫీల్డర్లు ప్రతి ఓవర్‌కూ పరిగెత్తి చోటు మారక్కర్లేదు, తప్పులూ తగ్గుతాయి. టీవీలో చూసేవాళ్లకు ఇదంతా కొంచెం బోర్ కొట్టించే క్రికెట్టే. సిక్స్‌ల కోసం కూర్చున్నవాళ్లకు నిరాశ తప్పదు.

ఈ పథకానికి నిజమైన పరీక్ష సెమీఫైనల్లో ఎదురైంది. ఇంగ్లండ్ ఓపెనర్ డవీనా పెర్రిన్ 45 పరుగులు చేసింది. ఆమె క్రీజులో ఉన్నంతసేపు స్కోరు బాగానే కదిలింది, మన ఎత్తుగడ పారడం లేదనిపించింది. కెప్టెన్ కంగారుపడి బౌలింగ్ తీరు మార్చలేదు. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్‌వి ఎనిమిది వికెట్లు పడితే పరుణికకు మూడు, వైష్ణవికి మూడు, ఆయుషికి రెండు. లెక్క సరిపోయింది, నాలుగో మనిషికి ఒక్కటీ మిగల్లేదు.

ఇక ఫైనల్. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. టాస్ గెలిచిన దక్షిణాఫ్రికా బ్యాటింగ్ ఎంచుకుంది. పరుణిక నాలుగు ఓవర్లలో ఇచ్చింది 6 పరుగులు, తీసింది రెండు వికెట్లు. ఆయుషి నాలుగు ఓవర్లలో 9 పరుగులకు రెండు. ఎనిమిది ఓవర్లు కలిపి 15 పరుగులంటే, సారపాక టెన్నిస్ బాల్ టోర్నీలో ఒక్క ఓవర్‌కు పోయే పరుగులు.

త్రిష చేసిన ఆ ఇంకో పని ఇక్కడ మొదలవుతుంది. ఆమె లెగ్‌స్పిన్నర్. ఫైనల్లో నాలుగు ఓవర్లు వేసి 15 పరుగులకు మూడు వికెట్లు తీసింది. జట్టులో ఆ రోజు ఎక్కువ వికెట్లు ఆమెవే.

ఇందులో గమ్మత్తు ఉంది. లెగ్‌స్పిన్ బంతి కుడిచేతి బ్యాటర్‌కు ఎటు తిరుగుతుంది? అదీ బయటికే. ఎడమచేతి స్పిన్నర్ వేళ్లతో తిప్పేదాన్ని లెగ్‌స్పిన్నర్ కుడిచేతి మణికట్టుతో తిప్పుతుంది. బంతి వచ్చే కోణం వేరు, గాల్లో లేచే తీరు వేరు, తిరిగే దిశ మాత్రం ఒకటే. కాబట్టి త్రిష చేతికి బంతి ఇచ్చినా ఆఫ్ వైపు పేర్చిన వలను కదపక్కర్లేదు. బ్యాటర్ మాత్రం చెయ్యి మారిందన్న సంగతిని తల్లో వేసుకుని మళ్లీ కొత్తగా చూడాలి. నాలుగో స్పిన్నర్‌గా ఇంకో బౌలర్‌ను తీసుకోకుండా, ఇన్నింగ్స్ ఆరంభించే ఓపెనర్‌తోనే ఆ ఓవర్లు వేయించడం వల్ల జట్టులో ఒక బ్యాటర్‌కు అదనంగా చోటు దొరికింది. పదకొండు మంది ఆటలో పన్నెండో మనిషిని సంపాదించినట్టే. ఆ ఫైనల్లో 20 ఓవర్లలో 16 స్పిన్నే, పది వికెట్లలో తొమ్మిది స్పిన్‌కే. మిగిలిన ఒక్కటి విశాఖపట్నం పేసర్ షబ్నమ్ షకీల్ తీసింది.

   

83 పరుగుల లక్ష్యాన్ని భారత్ 11.2 ఓవర్లలో ఒక్క వికెట్ పోగొట్టుకుని కొట్టేసింది. త్రిష 33 బంతుల్లో 44 నాటౌట్. టోర్నీ మొత్తం మీద 309 పరుగులు, ఏడు వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. ఓపెనింగ్ జోడీని కూడా ఊరికే కలపలేదు. త్రిషది కుడిచేయి, తమిళనాడు కీపర్ కమలినిది ఎడమచేయి. ఒక్క పరుగు తీసి ఇద్దరూ అటూఇటూ మారితే చాలు, బౌలర్ తన లైన్ మళ్లీ సర్దుకోవాలి. 2023 ఫైనల్లో మధ్య వరసలో వచ్చి నిదానంగా 24 పరుగులు చేసిన త్రిషను రెండేళ్లలో ఓపెనర్‌గా మలచడం కోచింగ్‌లో కనిపించని సగం.

కనిపించే సగం రిహార్సల్. 2024 డిసెంబరులో మహిళల అండర్-19 ఆసియా కప్ మొదటిసారి జరిగింది. ఎక్కడ? కౌలాలంపూర్‌లో, బయూమాస్ ఓవల్‌లో. ప్రపంచకప్‌లో భారత్ ఆడిన మైదానం అదే. అక్కడ ఫైనల్లో బంగ్లాదేశ్‌తో భారత్ చేసింది 117, అందులో త్రిషవి 52. ప్రత్యర్థిని 76కే ఆపి 41 పరుగులతో గెలిచారు. ఆ పిచ్ మీద నూటపది, నూటఇరవై చేస్తే చాలునని, దాన్ని కాపాడే పని ఎడమచేతి స్పిన్ చూసుకుంటుందని నెల ముందే తేలిపోయింది. ప్రపంచకప్‌లో శ్రీలంకతో మ్యాచ్ అచ్చంగా అలాగే నడిచింది. 118 పరుగులు (త్రిష 49), 60 పరుగుల గెలుపు. ఆ రోజు మాత్రం అవతలి పై వరసను పడగొట్టింది పేసర్లు షబ్నమ్, జోషిత.

కోచ్ నూషిన్ ఆడే రోజుల్లో ఆఫ్‌స్పిన్నర్. 2005 ప్రపంచకప్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగుల తేడాతో ఓడిన భారత జట్టులో ఉన్నారు. పరుగులివ్వని బౌలింగ్‌తో మ్యాచ్ గొంతు పట్టుకోవడం ఆమెకు అలవాటైన పని. పిల్లలకు అదే నేర్పారనుకుంటాను.

పొగడ్త చాలు. ఈ జట్టు బలహీనత కూడా స్కోరుకార్డులోనే ఉంది. ఏడు మ్యాచ్‌ల్లో భారత్ మొత్తంగా పోగొట్టుకున్నవి 15 వికెట్లు, వాటిలో తొమ్మిది శ్రీలంక మీదే. అంటే మిగిలిన ఆరు మ్యాచ్‌ల్లో మధ్య వరసకు బ్యాటు పట్టే అవసరమే దాదాపు రాలేదు. త్రిష, కమలిని ఇద్దరూ మొదట్లోనే అవుటైతే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. 2023లో సూపర్ సిక్స్‌లో భారత్‌ను ఏడు వికెట్లతో ఓడించిన ఆస్ట్రేలియా ఈసారి ఎదురుపడలేదు, సెమీస్‌లో దక్షిణాఫ్రికా వాళ్లను ఇంటికి పంపింది. అదృష్టం కొంత కలిసొచ్చింది, ఒప్పుకోవాలి.

2027 టోర్నీ బంగ్లాదేశ్, నేపాల్‌లలో. బంగ్లాదేశ్ పిచ్‌లు కూడా మెల్లగానే ఉంటాయి కాబట్టి ఇదే ఎత్తుగడ అక్కడ మళ్లీ పనిచేయవచ్చు. కానీ ఈ అమ్మాయిల్లో చాలామందికి అప్పటికి వయసు దాటిపోతుంది. 2005 డిసెంబరులో పుట్టిన త్రిషకు ఇప్పటికే దాటింది.

మరి ఆమె దారి ఎటు? సీనియర్ జట్టులో ఎడమచేతి స్పిన్‌కు విలువ తగ్గలేదు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు వన్డే ప్రపంచకప్ గెలిచినప్పుడు కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది, ఆమెదీ ఎడమచేతి స్పిన్నే. వైష్ణవి శర్మ ఆ డిసెంబరులోనే విశాఖలో శ్రీలంక మీద భారత్ తరఫున తొలి మ్యాచ్ ఆడేసింది. త్రిషకు మొదట్లో మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్)లోనే చోటు దొరకలేదు. 2025 నవంబరు వేలంలో యూపీ వారియర్జ్ 10 లక్షలకు తీసుకుంది. కనీస ధర అది.

ఓపెనర్‌గా ఆమె ముందు స్మృతి మంధాన, షఫాలీ వర్మ ఉన్నారు. పరుగులతో మాత్రమే ఆ క్యూలో ముందుకు జరగడం కష్టం. నాలుగు ఓవర్లు నమ్మకంగా వేయగల లెగ్‌స్పిన్నర్, పైన బ్యాటింగ్ కూడా చేస్తుంది అనిపించుకుంటే సెలెక్టర్ల చూపు వేరుగా ఉంటుంది. స్కాట్లాండ్ మీద కొట్టిన 110 కన్నా, కౌలాలంపూర్ ఫైనల్లో 15 పరుగులకు తీసిన ఆ మూడు వికెట్లే ఆమెను సీనియర్ జట్టు దాకా తీసుకెళ్తాయని నా లెక్క.