సినిమా చూపించిన తీరాన్ని కాచేదెవరు?

ఫిల్మ్‌నగర్‌లో ఏ సెట్టయినా వేయొచ్చు, సముద్రం తప్ప. అలల సీను ఉంటే యూనిట్ కోస్తాకు బయల్దేరాల్సిందే. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ను విశాఖ, భీమిలి తీరాల్లో తీశాక ఆ ఇసుక తెలుగువాళ్లందరికీ సొంతమైంది. 2021లో ‘ఉప్పెన’ ఉప్పాడను ఇంటింటికీ చేర్చింది. తీరప్రాంత ఊరికి ఇంత ప్రచారం డబ్బు పోసినా దొరకదు. చిక్కంతా జనం వచ్చాకే.

థాయిలాండ్‌లో మాయా బే సంగతే చూడండి. 2000లో ‘ద బీచ్’ సినిమా వచ్చాక ఆ చిన్న తీరానికి జనం పోటెత్తారు. రోజుకు 5,000 మంది దాకా! పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 2018 జూన్‌లో మూసిన తీరాన్ని 2022 జనవరిలో గానీ తెరవలేదు. తెరిచాక కూడా విడతకు 400 మందిలోపే, అదీ గంటసేపే. భీమిలి లాంటి చోట ఇలాంటి పరిమితి ముందే రాసుకోవడం మేలు.

మన విశాఖ రుషికొండకు 2020 అక్టోబరులో, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దేశంలో తొలిసారి దాన్ని అందుకున్న 8 బీచ్‌లలో ఆంధ్రప్రదేశ్ నుంచి అదొక్కటే. నీటి శుభ్రత, భద్రత, చెత్త తొలగింపు వంటి 33 ప్రమాణాలున్నాయి, వాటిని ఏటా మళ్లీ అందుకోవాలి. 2025లో నిర్వహణ లోపాల వల్ల ఆ గుర్తింపు కొన్నాళ్లు ఆగి, సరిదిద్దాక తిరిగొచ్చింది. అందుకే ఏ పర్యాటక ప్రణాళికలోనైనా కట్టడాలకన్నా ముందు, రోజూ తీరాన్ని ఊడ్చేవాళ్ల, కాచేవాళ్ల జీతాల పద్దు ఉండాలంటాను.

కాచేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా వేసవి సెలవుల్లో, తీరాన జనం కిక్కిరిసే రోజుల్లో, ఆ బోట్ల మత్స్యకారులకు పని ఉండదు. 2025లో ప్రభుత్వం 20,000 రూపాయలకు పెంచిన నిషేధకాలపు భృతిని ఆ రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలు. ఎక్కడ లోతు, ఎక్కడ నీరు లోపలికి లాగుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుసు? శిక్షణ ఇచ్చి, భృతి కాక రోజుకు మరో 500 ఇస్తే లైఫ్‌గార్డుకు సీజనంతా అయ్యేది 30,500. వందమందికైనా 30.5 లక్షలే. బాపట్ల సూర్యలంక అభివృద్ధికి కేంద్రం మంజూరు చేసింది 97 కోట్ల పైచిలుకు. దాంతో పోలిస్తే ఇది మూడు వందో వంతు కూడా కాదు. మా ఫిల్మ్‌నగర్ నుంచి తీరానికెళ్లే ప్రతి యూనిట్ ఇద్దరు ముగ్గురు లైఫ్‌గార్డుల ఖర్చు భరించగలదు. భీమిలి నుంచే మొదలుపెట్టొచ్చు.