కొండ ఊటకు కొలత: వేసవి లెక్కే అసలు లెక్క

కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల కొండలెక్కే వారికి దారిలో ఊటలు తారసపడటం సాధారణం. దాహం తీర్చుకుని ముందుకు సాగే బాటసారికి అది చల్లని నీరు మాత్రమే. దిగువనున్న పల్లెకు అదే ఏడాది పొడవునా ఆధారం. ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని చేరే వంశధార, నాగావళి నదులకు వాన లేని నెలల్లో జీవం పోసేది కూడా ఇటువంటి ఊటలూ, గెడ్డలే. అయినా ఫలానా ఊట నుండి రోజుకు ఎంత నీరు వస్తుందని అడిగితే 'బాగానే వస్తుంది' అన్న జవాబే తరచుగా వినిపిస్తుంది. దానిని అంకెలలో చెప్పడం అంత కష్టమేమీ కాదు.

ఊట ఎలా పుడుతుంది?

వాన నీరు కొండపై మట్టిలోనికి, శిథిలమైన రాతి పొరలోనికి మెల్లగా ఇంకుతుంది. అడుగున గట్టి రాయి అడ్డుపడగానే వాలు వెంట పక్కకు ప్రయాణించి, అనువైన చోట పైకి ఉబుకుతుంది. కావున ఊట అంటే కొండ తనలో దాచుకున్న వాన నీరే. ఆ నిల్వ ఎంతకాలం నిలుస్తుందో ప్రవాహపు కొలత తెలియజేస్తుంది.

బిందె, గడియారం చాలు

చిన్న ఊటలకు అత్యంత నమ్మకమైన పద్ధతి ఇదే. నీరు పక్కలకు జారిపోకుండా మట్టితో చిన్న గట్టు కట్టి, వెదురు దోనె గానీ గొట్టం గానీ అమర్చి, నీరంతా ఒకే ధారగా పడేటట్లు చేయాలి. ధార నిలకడకు వచ్చిన తరువాత, కొలత తెలిసిన పాత్ర నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. కనీసం మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. 10 లీటర్ల బకెట్టు 24, 25, 26 సెకన్లలో నిండితే సగటు 25 సెకన్లు. అనగా సెకనుకు 0.4 లీటరు, రోజుకు 34,560 లీటర్లు.

పాత్ర మరీ చిన్నదైతే లెక్క తప్పుతుంది. లీటరు సీసా రెండు సెకన్లలో నిండినప్పుడు అర సెకను పొరపాటు జరిగినా ఫలితంలో నాలుగో వంతు తేడా వస్తుంది. పాత్ర నిండటానికి పది సెకన్లకు తక్కువ కాకుండా పట్టాలి.

ధార కట్టని చెలమలకు మరో మార్గం ఉంది. నీటి మట్టాన్ని గుర్తుపెట్టి, 30 లీటర్లు తోడి, మట్టం తిరిగి అక్కడికి చేరే సమయం చూడాలి. పది నిమిషాలు పడితే ఊట నిమిషానికి 3 లీటర్లు.

పెద్ద గెడ్డ అయితే

బకెట్టుకు లొంగని ప్రవాహానికి తిన్నగా పారే మూడు మీటర్ల భాగాన్ని ఎంచుకుని, ఎండు పుల్లను వదలాలి. వెడల్పు 40, సగటు లోతు 5 సెంటీమీటర్లు ఉండి, పుల్ల 15 సెకన్లలో ఆ దూరం దాటితే వేగం సెకనుకు 0.2 మీటరు. వీటిని గుణిస్తే సెకనుకు 4 లీటర్లు వస్తుంది. అయితే పైనీరు అడుగు నీటికన్నా వేగంగా పారుతుంది కనుక 0.85తో హెచ్చించాలి. సుమారు 3.4 లీటర్లు నికరం. రాళ్లు ఎక్కువగా ఉన్న చోట ఇంకా తగ్గించుకోవాలి. ఇది అంచనా మాత్రమే.

ఎప్పుడు కొలవాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పై బకెట్టు లెక్క అక్టోబరు నాటిదనుకుందాం. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం తలకు రోజుకు 55 లీటర్ల వంతున 300 మంది ఉన్న పల్లెకు 16,500 లీటర్లు కావాలి. అక్టోబరులో అంతకు రెట్టింపు నీరుంది. మే నెలలో అదే బకెట్టు 100 సెకన్లకు నిండితే వచ్చేది 8,640 లీటర్లే. అక్టోబరు అంకెను నమ్మి గొట్టాలు వేస్తే వేసవిలో కుళాయిలు ఎండిపోతాయి. తొట్టి కట్టకపోతే రాత్రంతా వచ్చిన నీరు కూడా వృథా అవుతుంది. కనుక ఏప్రిల్, మే నెలల కొలతే పథకానికి పునాది కావాలి.

ఒక్కసారి కొలిచిన అంకె కన్నా నెలనెలా ఒకే చోట, ఒకే పాత్రతో కొలిచిన అంకెల వరుస విలువైనది. తేదీ, వేళ, అంతకు ముందు వాన పడిందా లేదా అన్నది కూడా రాసుకోవాలి. వానలు సరిగా ఉన్నా ఏటేటా వేసవి అంకె తగ్గుతుంటే పై కొండలో నీరు ఇంకడం తగ్గిందేమో, చెట్లు, నేల ఏ స్థితిలో ఉన్నాయో పరిశీలించవలసి ఉంటుంది.

మరచిపోకూడని మర్యాద

ఎన్నో పల్లెలకు ఊట తాగునీరే కాదు, పూజాస్థలం కూడా. పెద్దలను అడిగిన తరువాతే కొలతకు పూనుకోవాలి. చెప్పులతో దిగకూడదు, సబ్బు వాడకూడదు. కట్టిన గట్టును తీసివేసి, ఊటను మునుపటివలెనే విడిచిపెట్టాలి. వచ్చిన అంకెను ఆ ఊరి వారికే చెప్పాలి. బాటసారి పుస్తకంలో అది ఒక జ్ఞాపకంగా మిగులుతుంది. రేపు తొట్టి ఎంత పెద్దది కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పల్లెవాసుల చేతిలో అదే ఆధారమవుతుంది.