నలువైపులా మోగే గడియారాలు
రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్‌ను చుట్టూ స్పీకర్లతో వినేలా మళ్లీ మిక్స్ చేయడం అపచారమని కొందరు అభిమానుల బాధ. ఏళ్ల తరబడి చెవులకు అలవాటైన స్టీరియోయే వాళ్లకు అసలు ఆల్బమ్. ఆ మమకారాన్ని తీసిపారేయలేం. కానీ ఈ బృందం 1967లోనే లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్ కచేరీలో శబ్దాన్ని శ్రోతల చుట్టూ తిప్పింది. ఈ ఆల్బమ్‌లోని ‘టైమ్’ పాట మొదట్లో ఒక్కసారిగా గణగణమనే గడియారాలనైతే ఇంజనీరు అలన్ పార్సన్స్ ఒక గడియారాల దుకాణంలో విడివిడిగా రికార్డు చేసింది నాలుగు స్పీకర్ల పద్ధతిని చూపించడానికే. ఆ పద్ధతికి ఖరీదైన పరికరాలు కావాలి, పైగా ఒక కంపెనీ రికార్డు మరో కంపెనీ యంత్రానికి సరిపడేది కాదు. అందుకే అది ఇళ్లలో నిలదొక్కుకోలేదు. కాబట్టి చుట్టూ స్పీకర్ల కోసం ఇంజనీరు జేమ్స్ గత్రీ 2003లో చేసిన 5.1 మిక్స్, తర్వాతి డాల్బీ అట్మాస్ మిక్స్ ఆనాటి కోరికకు కొనసాగింపే.

గిటార్‌ను తల వెనక్కి నెట్టి అబ్బురపరచడమే పనిగా పెట్టుకుంటే పాట చెదిరిపోతుందన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. అయితే రెండు స్పీకర్లలో ఇరుక్కున్న శబ్దాలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. వాటిని విడదీసి పరిస్తే, అడుగున అణిగిపోయిన ఆర్గన్ కూడా స్పష్టంగా చెవిన పడుతుంది. స్టీరియో కావాలనుకునేవారికి అదెలాగూ దొరుకుతూనే ఉంది.