మన మగ్గము ఏ వరుసలోనిది?

ప్రత్తి పండించు రైతుది మొదటి వరుస వృత్తి. నూలు వడికే మిల్లు, బట్ట నేసే మగ్గము రెండవ వరుసలోనివి. బట్టను మోసే రవాణా, అమ్మే దుకాణము, అప్పిచ్చే బ్యాంకు మూడవ వరుసలోనివి. దేశము అభివృద్ధి చెందినకొద్దీ జనము మొదటి వరుస విడిచి తక్కిన రెండింటికి మరలుదురని ఆర్థిక శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ లెక్కన తరతరాలుగా రెండవ వరుసలోనున్న మనము ఏనాడో బాగుపడవలసినది. కాలేదెందుకు? నూలు ధర మన చేతిలో లేదు. అమ్మకపు ధరయు లేదు. నడుమనున్న మజూరీయే మనకు మిగిలినది.

మన దేశముది మిశ్రమ ఆర్థిక విధానము. ధరను బజారు నిర్ణయించినను కొన్ని హద్దులను ప్రభుత్వము గీయును. 1953లో ఖద్దరు, చేనేతల అభివృద్ధి కొరకు మిల్లు బట్టపై అదనపు సుంకము విధించిరి. 1985 చట్టము క్రింద 22 రకములను చేమగ్గమునకే ప్రత్యేకించిరి. తరువాత అవి 11కు తగ్గినవి. మిల్లులు దేశీయ వినియోగమునకు కట్టే నూలులో చిలపలుగా ఇవ్వవలసిన పాలు 2019లో నూటికి 40 నుండి 30కి దిగినది. 2019-20 గణనలో చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు. ఇందరికి ఆ హద్దులొక్కటే చాలవు.

సభ్యులకు మేము చెప్పునది ఒక్కటే. మగ్గము దిగి మూడవ వరుసకు పోనక్కరలేదు. ఆ వరుస లాభమును మగ్గము చెంతకు తెచ్చుకొనవలెను. నూలు కలిసి కొనుట, అద్దకము కలిసి చేయించుట, అమ్మకము కలిసి జరుపుట అందుకే. పండుగ నెలలో షావుకారు రూపాయి ఎక్కువిచ్చెనని సరుకు అటు పోయినచో, గిరాకీ లేని నెలలో సంఘము దేనితో ఆదుకొనగలదు?