రెండవ శనివారపు భూతములు

నెలకొక రాత్రి ఇరుగుపొరుగువారిని పిలిచి పాత భూతముల సినిమా చూపుట నాచారమందలి మా డాబాపై ఆనవాయితీ అయినది. రెండవ శనివారము సర్కారు ఆఫీసులకు సెలవు, మరునాడు ఆదివారము. ఉప్పల్ నుండి కూడ బంధువులు వత్తురు. గోడకు తెల్లని దుప్పటి, నాలుగు చాపలు, గంపెడు మరమరాలు: ఇదియే మా సంభారము. “ఇట్టి చౌకబారు బొమ్మలు చూచుట ఎందుకు?” అని పెద్దలు కొందరు అడుగుచుందురు. వారికి సమాధానమే ఈ ప్రసంగము.

ఈ ఆచారము మేము కనిపెట్టినది కాదు. 1954లో లాస్ ఏంజలెస్ టెలివిజనునందు వాంపిరా అను పేరుగల వేషధారిణి అర్ధరాత్రి వేళ భయానక చిత్రములను పరిచయము చేయసాగినది. 1957లో యూనివర్సల్ సంస్థవారి పాత చిత్రములు 52 ఒక మూటగా టెలివిజను కేంద్రములకు అందగా, అమెరికాలో ఊరూర అట్టి వ్యాఖ్యాతలు బయలుదేరినారు. మన హరిదాసు కథ నడుమ పిట్టకథ చెప్పునట్లు, వారు బొమ్మ నడుమ చతురోక్తులు విసరెడివారు.

మనకును ఇట్టి చిత్రములకు కొదవ లేదు. బి. విఠలాచార్య తీసిన ‘జగన్మోహిని’ (1978)లో దయ్యము తన కాళ్ళనే కట్టెలుగా పొయ్యిలో పెట్టి వండు ఘట్టమునకు మా డాబాపై నేటికిని కేకలు లేచును. ‘బందిపోటు’ మొదలైన విఠలాచార్య చిత్రములలో నాయకుడైన ఎన్.టి. రామారావు 1976లో తమ రామకృష్ణా స్టూడియోను ఈ నాచారముననే నెలకొల్పినారు. కావున సినిమా మాయ మా పేటకు పరాయిది కాదు.

అయినను మొదట మేమొక పొరపాటు చేసినాము. ఏమియు చెప్పక దీపములార్పి, వెనుకనుండి కేకలు వేసి పిల్లలను జడిపించినాము. ఏడేండ్ల పాప ఒకతె మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగవనాడు ఆమె తల్లి మా ఇంటికి వచ్చి, కోపపడకయే, “నవ్వులు మీకు, జాగారం మాకునా వదినా?” అన్నది. ఆ మాట మాకు గట్టిగా తగిలినది.

నాటినుండి బొమ్మకు ముందు ఐదు నిమిషములు గుట్టు విప్పుట మా నియమము. 1933 నాటి ‘కింగ్ కాంగ్’ భూతము చాల దృశ్యములలో మూరెడు బొమ్మ మాత్రమే. లోపల కీళ్ళుగల లోహపు అస్థిపంజరము, పైన బొచ్చు. దానిని రవంత కదల్చి ఒక ఫోటో, మరల కదల్చి మరియొకటి తీయుదురు. తెరపై ఒక్క సెకనుకు అట్టివి 24 కావలెను. జపానువారి ‘గాడ్జిల్లా’ (1954)లో రబ్బరు తొడుగు ధరించిన మనిషి బొమ్మల నగరమును త్రొక్కును. కెమెరాను వేగముగా తిప్పి, తెరపై మామూలు వేగమున చూపుటచే ఆ అడుగు మెల్లగా, బరువుగా తోచును. ఇక మాయమగుట అన్నిటికన్న సులభము: కెమెరా నిలిపి, మనిషిని తప్పించి, మరల నడుపుటయే. ఫ్రాన్సులో మెలియెస్ 1896లోనే ఈ చిట్కాతో స్త్రీని మాయము చేసినాడు. ఆ పాప మా సెల్‌ఫోనుతో తన నాయనమ్మనే మాయము చేసి పొంగిపోయినది.

ఇట్టి రాత్రి నడుపదలచువారికి మా అనుభవము ఇది. ఏడు గంటలకే ఆరంభించవలెను; పదింటికి చప్పుడు ఆగవలెను. చంటిపిల్లలున్నచో నెత్తురు చిందు చిత్రములు వలదు. పిల్లలు మెట్లవద్ద కాక తల్లుల ప్రక్కన కూర్చుండవలెను. ఏ బిడ్డయైనను చాలునన్నచో వెంటనే దీపము వేయవలెను.

నేడు ఆ పాప ముందు వరుసలో కూర్చుండి, క్రొత్తగా వచ్చిన పిల్లలకు “భయపడకండి, లోపల మనిషి ఉన్నాడు” అని చెప్పుచున్నది. భూతము నిజముగా తెరపైకి వచ్చినపుడు మాత్రము తల్లి చేయి పట్టుకొనును. గుట్టు తెలిసినంతమాత్రమున భయము పోదు. చేయి పట్టుకొనుటకు ఒకరున్నచో అది వేడుకగా మారును. అందులకే పదిమందిని పిలుచుచున్నాము.