మీకు తెలుసా? పేరు గుత్తిది, కాపురం నల్లమలలో

నెమలి మెడ రంగులో మెరిసే సాలీడు ఒకటుంది. కాళ్లు చాపితే మన అరచేతిని కప్పేస్తుంది. నీలి కాళ్ల మీద పసుపు మచ్చలు, వీపు మీద తెల్లని గీతల ముగ్గు. విదేశాల్లో సాలీళ్లను పెంచుకునే సరదా ఉన్నవాళ్లు దీన్ని ‘గూటీ సఫైర్’ అని పిలుచుకుంటూ డబ్బు పోసి కొంటారు. గూటీ అంటే అనంతపురం జిల్లా గుత్తి. అయితే ఈ సాలీడు సొంత ఊరు గుత్తి కాదు, మన నంద్యాల పక్కనున్న నల్లమల.

1899లో లండన్‌లోని శాస్త్రవేత్త ఆర్.ఐ. పోకాక్ దీన్ని తొలిసారి వర్ణించి ‘పెసిలోథీరియా మెటాలికా’ అని పేరు పెట్టాడు. ఆయనకు అందిన ఒక్క నమూనా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. అడవి నుంచి రైలెక్కిన దుంగలతో పాటు అదీ అక్కడికి చేరి ఉంటుందని పరిశోధకుల ఊహ. ఆ తర్వాత నూరేళ్ల పాటు దాని జాడ ఎవరికీ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అప్పటికి దాని నివాసంగా తెలిసినది వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ అడవి ముక్కే. ఆ తర్వాత తమిళనాడులో సెంజి దగ్గరి పక్కమలై అడవిలోనూ కనిపించినట్టు వార్తలు వచ్చాయి.

ఆ నీలం ఏ రంగు పదార్థంతోనూ వచ్చింది కాదు. ఒంటి మీది రోమాల్లో కంటికి ఆనని పొరలుంటాయి. వాటి మీద పడిన వెలుగులో నీలం మాత్రమే తిరిగి మన కంటికి చేరుతుంది. మగది పెద్దదయ్యేకొద్దీ ఆ మెరుపు తగ్గుతుంది. ఇది నేల మీద కాకుండా ముదురు మానుల తొర్రల్లో కాపురముంటుంది. పగలంతా లోపలే ఉండి చీకటి పడ్డాక పురుగుల వేటకు బయటికొస్తుంది. తొర్రలు కరువైతే ఒకే తొర్రలో కొన్ని సర్దుకుంటాయి. అందుకే వంటచెరుకు కోసం తొర్ర పడిన ఒక్క మాను కొట్టినా దీనికి పెద్ద దెబ్బే. దొంగతనంగా పట్టి అమ్మేవాళ్లు మరో ముప్పు. 2019 నుంచి ఈ జాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారం మీద, వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది. నంద్యాల, గిద్దలూరు మధ్య ఘాట్ రోడ్డులో పచ్చర్ల మీదుగా వెళ్లేవాళ్లు ఈసారి ఆ పెద్ద మానుల వైపు కాస్త గౌరవంగా చూడండి.

ఇక ఇదే నల్లమల అంచున ఉన్న వెలుగోడు సంగతి. కట్ట మీద నిలబడితే ఒకవైపు నల్లమల కొండలు, వాటి కింద గాలేరు నది మీద కట్టిన రిజర్వాయర్. దీని సామర్థ్యం 16.95 టీఎంసీలు. నీళ్లు మాత్రం ఎక్కువగా కృష్ణమ్మవే. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా ఇక్కడికి చేరతాయి. ఇక్కడి నుంచి బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి పూండి చేరి చెన్నై దాహం తీరుస్తాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్న తెలుగుగంగ ఇదే. చెన్నైలో కుళాయి తిప్పేవాళ్లలో వెలుగోడు పేరు విన్నవాళ్లు ఎందరుంటారు?

నీళ్లే కాదు, నల్లమల నుంచి పులికూనలు కూడా దూరం వెళ్లాయి. 2023 మార్చిలో ఆత్మకూరు అటవీ డివిజన్‌లో, కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు కనిపించాయి. కుక్కలు కరవకుండా ఊరివాళ్లే వాటిని గదిలో పెట్టి ఫారెస్టు వాళ్లకు కబురు పంపారు. తల్లి టీ-108 అనే పులి. దాని దగ్గరికి కూనలను చేర్చాలని సిబ్బంది రాత్రింబవళ్లు ప్రయత్నించారు. తల్లి రాలేదు. చివరికి కూనలను తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూకు తరలించారు.

పొలం గట్టునో అడవి అంచునో పులికూన గానీ చిరుతకూన గానీ కంటబడితే చేత్తో ఎత్తుకోకండి, ఫొటోల కోసం చుట్టూ మూగకండి. తల్లి దగ్గర్లోనే ఉండొచ్చు. దూరంగా జరిగి, కుక్కలను అదిలించి, వెంటనే ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేయండి.