కళింగ రాగిలో గ్రీకు పోలిక

శాలిహుండం కొండెక్కి స్తూపాలు చూసి వచ్చేవాళ్లు ఎందరో. అక్కడి తవ్వకాల్లో దొరికిన నాణేల గురించి ఆరా తీసేవాళ్లు మాత్రం తక్కువ. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు ‘పూరీ-కుషాణ’ రకం రాగి నాణేలూ అక్కడ బయటపడ్డాయి. ఇవే రకం నాణేలు గంజాం జిల్లాలో, జౌగడ కోట దగ్గరి పురుషోత్తంపూర్‌లో దొరికితే, 1858లో వాల్టర్ ఇలియట్ వాటిని లోకానికి తెలియజేశాడు. అప్పట్లో మన శ్రీకాకుళమూ ఆ గంజాం జిల్లాలోదే.

ఈ నాణెం మీద ఒకవైపు పొడవాటి కోటు తొడుక్కుని నిలబడ్డ మనిషి, రెండోవైపు దేవత. చాలావాటి మీద అక్షరం ముక్క ఉండదు. వంశధార ఒడ్డు ఉక్కపోతలో అలాంటి కోటు ఎవరు తొడుక్కుంటారు! ఆ వేషం మధ్య ఆసియాది. వేదిక ముందు నిలబడి ఆహుతి వేస్తున్న కుషాణ రాజు బొమ్మకు ఇది నకలు.

కుషాణులకు నాణేలు వేసే విద్య గ్రీకుల నుంచి అబ్బింది. అలెగ్జాండర్ తర్వాత బాక్ట్రియాలో, అంటే నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ ప్రాంతంలో, గ్రీకు రాజులు పాతుకుపోయారు. పెద్ద బేరాలకు వెండి, చిల్లరకు కంచు, రాగి నాణేలు వేశారు. హిందూకుష్ దాటి వచ్చాక గ్రీకు బిరుదులకు ప్రాకృతం జోడించారు. కుషాణ రాజు కుజుల కడ్ఫైసిస్ అయితే గ్రీకు రాజు హెర్మియస్ పేరుతోనే రాగి నాణేలు వేయించాడు. కనిష్కుడి తొలి నాణేల మీద ఉన్నదీ గ్రీకే. ఆ తర్వాత లిపి ఉంచి, భాషను బాక్ట్రియన్‌కు మార్చాడు.

కుషాణులు కళింగాన్ని ఏలారనడానికి గట్టి ఆధారం లేదు. వర్తకులు, యాత్రికులు తెచ్చిన రాగి నాణేలు చలామణికి చాలక, ఇక్కడివాళ్లే పోసుకున్నారన్నది నాకు నచ్చే వివరణ. కుషాణుల నాణేలు అచ్చు గుద్దినవి. ఇవి చాలావరకు మూసలో పోసినవి. పోసిన వస్తువు నుంచే మళ్లీ మూస తీస్తూ పోతే గీతలు మొద్దుబారతాయని బుడితి ఇత్తడి పనివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రాజు ముఖం అలాగే చెరిగింది.

వీటిని నాసిరకం నకళ్లని తీసిపారేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. రాజు పేరైనా లేని బిళ్ల, కుషాణ రాజ్యం పోయాక కూడా ఇక్కడి బజారులో చెల్లింది. అంతకంటే గట్టి నాణెం ఏముంటుంది?

పొలం దున్నేటప్పుడు ఇలాంటివి దొరికితే పాత సామాన్లవాడికి తూకానికి వెయ్యకండి. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఏ చోట, ఎంత లోతున, వేటితో కలిసి దొరికాయో కూడా రాసి ఇవ్వండి.